విదేశములలో వ్యాపార విశ్లేషణ విద్య

2023వ సంవత్సరము వేసవిలో ఒకనాటి సాయంకాలము మా వీధిలోని మిత్రులొకరు చేత సంచి పట్టుకొని మా ఇంటికి వచ్చిరి. సంచిలో ఇంటి దస్తావేజులు, పన్ను రసీదులు, బ్యాంకు వారి ఫారములు ఉన్నవి. కుమారుడు ఇంజనీరింగు ముగించినాడు. అమెరికాలో పై చదువునకు సీటు వచ్చినది. మరునాడు ఇల్లు తనఖా పెట్టి 40 లక్షల రూపాయల ఋణమునకు సంతకము చేయవలెను. ఫారములో చదువు పేరు వ్రాయవలసిన గడిపై వ్రేలు పెట్టి వారడిగిరి: "మాస్టారూ, ఈ బిజినెస్ ఎనలిటిక్స్ అంటే ఏమిటండీ? మావాడికి సీటు అందులో వచ్చిందట."

ముప్పది యేండ్లు గణాంక శాస్త్రము బోధించినవారము గనుక ఆ ప్రశ్నకు జవాబు మాకు తెలియకపోలేదు. కాని ఇల్లు కుదువ పెట్టబోవు తండ్రి ఆ ప్రశ్నను సంతకమునకు ముందు రాత్రి వరకు ఎవ్వరిని అడుగలేదే యని మాకు దిగులు కలిగినది. ఇట్టి సంచులు నేడు తెలుగునాట ఎన్ని ఇండ్ల నుండి బయలుదేరుచున్నవో శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు. అమెరికాలో చదువుచున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 2023-24 విద్యాసంవత్సరములో 3,31,602కు చేరి, 2009 తరువాత మొదటిసారిగా చైనాను దాటినది. వారిలో తెలుగువారి పాలు ఎట్టిదో తెలియవలెనన్నచో హైదరాబాదులోని అమెరికా కాన్సులేటు ముందు వరుసను, చిలుకూరు బాలాజీ చుట్టు తిరుగు ప్రదక్షిణములను చూచిన చాలును.

మొదట ఆ విద్య ఏమియో చెప్పుకొందము. మా వీధి మలుపులో సాయంకాలము మల్లెపూలు అమ్ము ఆమె కలదు. మూర ఆమెకు 20 రూపాయలకు పడుననుకొందము, 50కి అమ్మును. మిగిలిన పూలు మరునాటికి వాడిపోవును, విలువ సున్న. ప్రొద్దుట ఆమె ఎన్ని మూరలు కొనవలెను? ఒక మూర తక్కువ తెచ్చినచో 30 రూపాయల లాభము పోవును. ఒక మూర ఎక్కువ తెచ్చినచో 20 రూపాయలు నష్టము. పోవు లాభము 30ని, రెండింటి మొత్తమైన 50తో భాగించినచో పదింట ఆరు వచ్చును. అనగా పది దినములలో ఆరు దినములు పూలు చాలునట్లును, నాలుగు దినములు ముందే అయిపోవునట్లును సరకు తెచ్చుట ఆమెకు మేలు. పది దినముల గిరాకీని చిన్న అంకె నుండి పెద్ద అంకెకు వరుసగా వ్రాసి ఆరవ అంకెను తీసికొన్నచో అదియే ఆమె కొనవలసిన మూరల లెక్క. ఈ లెక్కకు పుస్తకములలో పత్రికలమ్ము కుర్రవాని పేరు పెట్టినారు. విమానపు సీట్లకును, మందుల నిల్వలకును, పండుగనాటి చీరల దిగుమతికిని మూలసూత్రము ఇదియే.

జరిగినదానిని అంకెలలో చూచుట, జరుగబోవుదానిని అంచనా కట్టుట, దానిని బట్టి ఏమి చేయవలెనో నిర్ణయించుట: ఈ మూడును కలిసినదే వ్యాపార విశ్లేషణము. దీనికై విద్యార్థి సంభావ్యత, రిగ్రెషను మొదలగు గణాంక పద్ధతులు నేర్చును. ఎస్‌క్యూఎల్, పైథాన్, ఆర్ వంటి కంప్యూటరు భాషలు నేర్చును. దొరకిన ఫలితమును అంకెలంటే భయపడు యజమానికి అర్థమగునట్లు చెప్పుట నేర్చును. చివరిదే మిక్కిలి కష్టమని మా అనుభవము. ఇది కొత్త పేరే కాని కొత్త విద్య కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటనులో పెరిగిన ఆపరేషన్స్ రిసెర్చి దీనికి పెదతండ్రి. ప్రత్యేకముగా ఎనలిటిక్స్ పేరున ఎం.ఎస్. చదువు ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయములో 2007లో వెలసినది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ వారి వ్యాపార విశ్లేషణ తరగతి 2016లో ఆరంభమైనది. నేడు ఈ చదువు లేని వాణిజ్య కళాశాల అమెరికాలో అరుదు. అందరికిని ఒకే తూకము గల బోధన ఉన్నదని మాత్రము అనుకొనరాదు.

పూలమ్ము ఆమె లెక్కలో ఒక లోటు కలదు. శ్రోతలు గమనించిరేమో. పూలు ఏడు గంటలకే అయిపోయిన దినమున, ఎనిమిది గంటలకు వచ్చి వట్టిచేతులతో మరలినవారెందరో ఆమెకు తెలియదు. అమ్మిన లెక్క ఉన్నది గాని అడిగినవారి లెక్క లేదు. కనబడని లెక్కను గుర్తుంచుకొనుట ఈ విద్యకు ప్రాణము. అమెరికాలో యుద్ధకాలమున ఏబ్రహాం వాల్డ్ అను హంగేరీ దేశపు గణితజ్ఞుడు కొలంబియా విశ్వవిద్యాలయములోని గణాంక బృందములో పనిచేయుచుండెను. యుద్ధము నుండి తిరిగివచ్చిన విమానములకు గుండ్లు ఎచ్చట తగిలినవో చూచి, ఆ భాగములకే అదనపు కవచము వేయవలెనని తోచుట సహజము. గుండ్లు తగులని చోటనే కవచము వేయవలెనని వాల్డ్ వాదించెనని ప్రసిద్ధి. ఏలయన, ఇంజనుకు గుండు తగిలిన విమానములు తిరిగి రానే లేదు. లెక్కలోనికి ఎక్కనే లేదు.

దీనిని మన విదేశ విద్యకు అన్వయించి చూడుడు. పెండ్లి పందిరిలో మనకు కనబడువారెవరు? డాలసులో ఇల్లు కొన్న మేనల్లుడు, సియాటెల్ నుండి వచ్చిన పెదనాన్నగారి మనుమరాలు. వారు తిరిగివచ్చిన విమానములు. మూడేండ్లు అప్పు కట్టి, ఉద్యోగము దొరకక, రాత్రి బస్సులో ఊరు చేరి, తలుపులు వేసికొని కూర్చున్న కుర్రవాడు పెండ్లికి రాడు. అతని తండ్రి ఆ సంగతి ఎవ్వరితోను చెప్పడు. ఏజెన్సీ వారి గోడమీద అతని ఫోటో ఉండదు. ఇట్టివారు మా ఎరుకలో నలుగురున్నారు. నలుగురును తెలివిగలవారే.

అందుచేత మా మిత్రులతో ఆ రాత్రి దస్తావేజులు ప్రక్కనుంచి, తెల్లకాగితము ఒకటి తెప్పించి, లెక్క వేసితిమి. అప్పటి నుండి నియమములు, అంకెలు పెక్కు మారినవి. నేటి అంకెలతోనే శ్రోతలకు ఆ లెక్క చెప్పుచున్నాము.

అమెరికాలో ఎఫ్-1 వీసాపై చదివినవారికి చదువు ముగిసిన పిమ్మట పన్నెండు నెలలు తమ విద్యకు సంబంధించిన పని చేసికొనుటకు అనుమతి కలదు. దీనిని ఓపీటీ అందురు. విజ్ఞాన, సాంకేతిక, గణిత శాఖలుగా ప్రభుత్వము గుర్తించిన చదువులకు, అనగా వాడుకలో స్టెమ్ చదువులకు, మరి 24 నెలలు పొడిగింపు లభించును. వ్యాపార విశ్లేషణమునకు మనవారు ఇంతగా ఎగబడుటకు అసలు కారణమిదే. మామూలు ఎం.బి.ఎ. చదివినవానికి పెక్కుచోట్ల ఒక్క సంవత్సరము. ఇది చదివినవానికి మూడు. బిజినెస్ ఎనలిటిక్స్ అను పేరు 2022 జనవరిలో ఆ జాబితాలో చేరినది. అంతకు ముందు కళాశాలలు మేనేజిమెంటు సైన్సు మొదలగు శీర్షికల క్రింద ఈ సదుపాయము పొందుచుండెను. ఇచ్చట ఒక మెలిక కలదు. పొడిగింపు చదువు పేరును బట్టి రాదు. ఐ-20 అను పత్రముపై ముద్రించిన సంకేత సంఖ్యను బట్టి వచ్చును. ఒకే పేరుగల చదువు ఒక కళాశాలలో జాబితాకు ఎక్కియుండి, వేరొక కళాశాలలో ఎక్కకపోవచ్చును. ఫీజు కట్టుటకు ముందే ఆ సంఖ్యను అడిగి తెలిసికొనవలెను. మొదటి సంవత్సరములో మొత్తము 90 దినములకు మించి ఉద్యోగము లేక యుండరాదు. పొడిగింపు కాలమును కలుపుకొని 150 దినములు దాటరాదు. చదువు సాగుచున్నప్పుడు విశ్వవిద్యాలయపు ఆవరణలోనే, వారమునకు ఇరువది గంటలకు మించకుండ పనిచేయవలెను. పెట్రోలు బంకులో దొంగచాటుగా నాలుగు డాలర్లు సంపాదింపబోయి వీసాయే పోగొట్టుకొన్నవారున్నారు.

మూడేండ్ల తరువాత నిలుచుటకు హెచ్-1బి వీసా కావలెను. దానికి ఏటేట పరిమితి 65,000, అమెరికాలో ఎం.ఎస్. వంటి పై చదువు చదివినవారికి అదనముగా 20,000. అడుగువారు ఇంతకు పెక్కు రెట్లు గనుక చీటీలు తీయుదురు. 2024 ఆర్థిక సంవత్సరమునకు 7,58,994 అర్హమైన నమోదులు రాగా 1,88,400 ఎంపికైనవి. ఒకే మనిషి పేర పలువురు యజమానులు చీటీలు వేయుటను అరికట్టిన పిమ్మట 2025కు 4,70,342లో 1,35,137, 2026కు 3,43,981లో 1,20,141 ఎంపికైనవి. అనగా నాలుగింట ఒకటి నుండి మూడింట ఒకటికి కొంచెము పై వరకు.

చీటీ మూడింట ఒకటి చొప్పున వచ్చుననుకొందము. మూడు సంవత్సరములలో మూడు చీటీలు. మూడును తప్పిపోవు అవకాశమెంత? మూడింట రెండును మూడుసార్లు గుణించవలెను. ఇరువదియేడింట ఎనిమిది, అనగా నూటికి ముప్పది. నాలుగింట ఒకటి చొప్పుననైనచో నూటికి నలుబదిరెండు. ఇదియు మూడేండ్లును ఉద్యోగములో నిలిచి, మూడుసార్లును యజమాని చీటీ వేయుటకు ఒప్పుకొన్నవాని లెక్క. 2025 డిసెంబరులో ప్రకటించి 2026 ఫిబ్రవరి నుండి అమలునకు తెచ్చిన నియమముతో చీటీలు అందరికి సమానము కావు. జీతములను నాలుగు మెట్లుగా విభజించి, పై మెట్టు వారి పేరు నాలుగుసార్లు, క్రింది మెట్టు వారి పేరు ఒక్కసారి వేయుదురు. అప్పుడే చదువు ముగించిన కుర్రవాడు ఏ మెట్టుపై నిలుచునో చెప్పనక్కరలేదు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుని ప్రకటన ఒకటి వెలువడి, విదేశములందున్న వారి కొరకు పెట్టు కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు చెల్లింపవలెననెను. అచ్చటనే చదివి, అచ్చటనే హోదా మార్చుకొను విద్యార్థులకు అది వర్తింపదని తరువాతి నెలలో వివరణ వచ్చినది. ఇంటికి వచ్చి మరల ప్రయత్నింతమనుకొన్నవానికి మాత్రము ఆ దారి ఇరుకైనది.

ఇక అప్పు మాట. 40 లక్షలకు నూటికి 11 వడ్డీ చొప్పున ఏటికి 4,40,000 రూపాయలు. చదువు కాలము, ఉద్యోగము వెదకు కాలము కలిపి రెండేండ్లు వడ్డీ కట్టక యూరకున్నచో అసలు, వడ్డీ కలిసి 48,80,000. దానిని పదేండ్లలో తీర్పవలెనన్నచో నెలకు సుమారు 67,000 రూపాయలు. అమెరికాలో ఉద్యోగమున్నవానికి ఇది 800 డాలర్లకు మించదు, చక్కగా తీర్పగలడు. అదే కుర్రవాడు హైదరాబాదుకు తిరిగివచ్చి నెలకు 50,000 జీతముపై చేరినచో జీతమంతయు ఇచ్చినను వాయిదాకు 17,000 తక్కువ. ఆ పదునేడు వేలు ఎవరి పింఛను నుండి వచ్చును? కాగితము మధ్య గీత గీసి, ఎడమవైపు నిలిచినచో అనియు, కుడివైపు తిరిగివచ్చినచో అనియు వ్రాసితిమి. మా మిత్రులు ఎడమవైపు లెక్క అంతకు ముందే వేసికొనియుండిరి. కుడివైపు లెక్క ఎవ్వరును వారికి చెప్పలేదు.

ఈ మాటలు విని మేము విదేశ విద్యకు విరోధులమని శ్రోతలు తలపరాదు. గణాంక శాస్త్రములో ప్రపంచము తలయెత్తి చూచిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు సముద్రము దాటినవారే. 1920లో హూవిన హడగళిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, ఉద్యోగపు ఇంటర్వ్యూకై కలకత్తా వెళ్ళి, అది దొరకక, అచ్చటి భారత గణాంక సంస్థలో చేరిరి. ఆయన పేరును శాశ్వతము చేసిన వ్యాసము 1945లో కలకత్తాలోనే అచ్చైనది. మరుసటి యేట కేంబ్రిడ్జి వెళ్ళిరి. ఎట్లు వెళ్ళిరో గమనింపుడు. సూడాను దేశమున త్రవ్వితీసిన పురాతనపు ఎముకల కొలతలను విశ్లేషించు నేర్పు గలవారు కావలెనని అచ్చటి మ్యూజియము వారే పిలిపించుకొనిరి. పగలు ఆ పని చేయుచు, ఫిషర్ మహాశయుని వద్ద 1948లో డాక్టరేటు పొందిరి. తిరిగివచ్చి దశాబ్దముల తరబడి కలకత్తాలో పనిచేసి, దాదాపు అరువదవ యేట అమెరికా చేరిరి. 2023లో, నూటరెండేండ్ల వయసున, అంతర్జాతీయ గణాంక పురస్కారమును అందుకొని, ఆ యేటి ఆగస్టులో కీర్తిశేషులైరి. అందరును రావుగారు కాలేరు; కాని చేత ఒక పని పట్టుకొని వెళ్ళినవాడు చెల్లునను సంగతి సామాన్యునికిని వర్తించును.

మా శిష్యులలో విదేశమునకు పోయి నిలద్రొక్కుకొన్నవారిని చూచితిమి. వారిలో పెక్కుమంది ఇచ్చటనే రెండు మూడేండ్లు బ్యాంకులోనో, మందుల కంపెనీలోనో, సరకు రవాణా సంస్థలోనో అంకెలతో కుస్తీ పట్టినవారు. తరగతిలో ప్రొఫెసరు ఒక ప్రశ్న వేయగానే వారికి తమ పాత ఆఫీసు గుర్తు వచ్చును. ఉద్యోగపు ఇంటర్వ్యూలో చెప్పుకొనుటకు కథ ఉండును. అనుభవమున్నవానికి జీతపు మెట్టు కూడ పైదే దొరకవచ్చును. నిన్నటిదాక ఇంజనీరింగు పరీక్షలు వ్రాసి, నేడు విమానమెక్కినవానికి ఈ చదువు పనిముట్ల పెట్టెను ఇచ్చును గాని, ఏ బల్లకు ఏ మేకో చెప్పదు. అంకెలపై ప్రీతి లేక, స్నేహితుడు పోవుచున్నాడని పోవువానికి చెప్పవలసినదేమియు లేదు.

అమెరికా ఒక్కటే దేశము కాదు. బ్రిటనులో ఈ చదువు ఒక సంవత్సరమే. తరువాత నుండుటకు రెండేండ్ల అనుమతి ఉన్నది గాని, 2027 జనవరి 1 నుండి అడుగువారికి అది పదునెనిమిది నెలలే. ఐర్లండులో ఎం.ఎస్. వారికి రెండేండ్లు. జర్మనీలో పెక్కు ప్రభుత్వ విశ్వవిద్యాలయములకు బోధన రుసుము లేదు. అచ్చటి భాష రాక ఉద్యోగము దొరకుట కష్టము. రుసుము లేదనగానే మనవారు భాష సంగతి మరతురు.

కళాశాలను ఎన్నుకొనుటలో ఇంకొక ప్రమాదము. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము వీసాల మోసమని తేలి మూతపడినప్పుడు, వీధిన పడినవారిలో మన బిడ్డలు వందలు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమనునది ప్రభుత్వ అధికారులే వలగా పన్నిన బూటకమని బయటపడినది. చేరిన ఆరువందల మందిలో తెలుగువారే పెక్కుమంది. తరగతులు లేవు, హాజరు లేదు, పని మాత్రము చేసికొనవచ్చునని ఎవరైన చెప్పినచో అచ్చటనే లేచి రావలెను. మా మిత్రులకు సీటు కుదిర్చిన ఏజెన్సీ వారు ఆ కళాశాల నుండియు రుసుము పుచ్చుకొందురని మేము విచారింపగా తెలిసినది. అందులో చట్టవిరుద్ధమేమియు లేదు. కాని పెండ్లిళ్ళ పేరయ్య రెండు వైపుల సంభావన పుచ్చుకొన్నప్పుడు అతడు చెప్పు గుణగణములను మనము ఎంతవరకు నమ్ముదుమో అంతవరకే నమ్మవలెను. చదివి వెళ్ళినవారిలో ఎందరికి, ఎన్ని నెలలలో, ఏ ఉద్యోగములు దొరకినవో కళాశాలనే అడుగవలెను. చెప్పినవారు కొందరు, చెప్పనివారు కొందరు. చెప్పినవారి లెక్కలో కూడ జవాబు పంపని విద్యార్థులెందరో చూడవలెను. వాల్డ్ విమానములు ఇచ్చటను ఎగురుచున్నవి.

ఆ రాత్రి లెక్క ముగియువేళకు కుర్రవాని తల్లి వారిని వెదకికొనుచు మా ఇంటికి వచ్చినది. కాగితమును చూచి, అర్థమైనంతవరకు అర్థము చేసికొని, ఆమె ఒక్క మాట అడిగినది: "మాస్టారుగారూ, అక్కడ కుదరకపోతే పిల్లాడు ఇంటికే వస్తాడు కదండీ?"

"ఇల్లుంటే వస్తాడమ్మా" అంటిమి. మాట కఠినమైనదేమో యని తరువాత బాధపడితిమి.

దస్తావేజులు మరునాడు బ్యాంకుకు పోలేదు. కుర్రవాడు వారము దినములు మాతో మాటలాడలేదు. వీధిలో ఎదురైనచో తల ప్రక్కకు త్రిప్పుకొనెడివాడు. ఆ పిమ్మట హైదరాబాదులో ఒక చిన్న సంస్థలో చేరి, ఆసుపత్రుల మందుల నిల్వల లెక్కలు రెండేండ్లు చూచినాడు. 2025లో, ముందు వచ్చిన సీటుకన్న తక్కువ రుసుము గల ప్రభుత్వ విశ్వవిద్యాలయములో సీటు సంపాదించినాడు. ఆ యేటి మే చివర నుండి మూడు వారములు విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూలు నిలిపివేసినప్పుడు ఇంటిల్లిపాదికి నిద్ర లేదు. తుదకు ఆగస్టులో విమానమెక్కినాడు. ఇల్లు తనఖాలో లేదు. తన పొదుపు కొంత, తండ్రి భవిష్యనిధి నుండి కొంత, తక్కినది చిన్న ఋణము. పోవుటకు ముందు మా వద్దకు వచ్చి, నాటి కాగితమును అడిగి తీసికొనిపోయినాడు. దాని అడుగున మూడు చీటీలకు మూడు గళ్ళు గీసియున్నవి. చదువు అనుకొన్నట్లు ముగిసినచో మొదటి గడి 2027 మార్చిలో గాని నిండదు.